గొంతు మార్పిడి

ఇరవై రెండు చలికాలాలు
నార్త్ డకోటా రోడ్ల మీద చల్లిన ఉప్పు తింది నా పికప్.
ఉప్పు తిన్న విశ్వాసం మనుషులకేమో,
ఇనుముకి లేదు.
పొరలు పొరలుగా రాలుతుంది.

ఎడమవైపు మానిఫోల్డ్ వెనక బోల్టు
ఎప్పుడు విరిగిందో తెలీదు.
పొద్దున్నే తాళం తిప్పితే
టిక్ టిక్ టిక్ టిక్
ఎవరో బానెట్ కింద కూచుని
నా బాకీలు లెక్కపెడుతున్నట్టు.
ఇంజన్ వేడెక్కాక తగ్గేది,
మనుషులకి వినపడనంతగా.

హెడర్ల కేటలాగు నెల్లాళ్ళు వంటింటి బల్ల మీదే ఉంది,
దాని మీద కాఫీ మరకలు, బీట్‌దుంపల తూకం చీటీలు.
పొడుగు గొట్టాలా, పొట్టివా?
పొడుగువి పరుగులో బలమిస్తాయట,
కానీ స్టీరింగ్ కడ్డీకీ వాటికీ మధ్య
వేలు దూరే సందు మిగలదు.
క్రోమువి పెళ్ళికొడుకులా వస్తాయి,
నెల తిరక్కుండా నీలం తిరుగుతాయి.
రంగు పూసిన మామూలు ఉక్కు చవకే,
మా ఉప్పుకి రెండేళ్ళాగదు.
స్టెయిన్‌లెస్ ధర చూసి పేజీ తిప్పాను.
మళ్ళీ వెనక్కి తిప్పాను.

రైల్వే షాపులో నలభయ్యేళ్ళు చేసి దిగిన
ఆర్విడ్ తొలెఫ్‌సన్‌ని అడిగాను.
ఆయన నోట్లోంచి మాట తీయడం కన్నా
తుప్పు బోల్టు తీయడం తేలిక.
"పందేలకి పోతావా?"
"లేదు. దుంపలు లాగుతాను."
"అయితే పొట్టివి. స్టెయిన్‌లెస్."
నెల్లాళ్ళ నా చదువు
మూడు ముక్కల్లో తేలిపోయింది.

మూడు రాత్రులు నూనె తాగించాం బోల్టులకి.
రేకుల షెడ్డులో కిరోసిన్ హీటరు,
బయట సున్నాకి ముప్ఫై డిగ్రీలు కింద,
పానా పట్టుకుంటే చేతితొడుగు అంటుకుపోయే చలి.
పదహారింట్లో పదిహేను మాట విన్నాయి,
పాత విరిగినదానితో సహా.
చివరిది
తల ఇచ్చింది, ఒళ్ళు ఇవ్వలేదు.

నేను తిట్టాను, మా అమ్మ విననివి కొన్ని.
ఆర్విడ్ ఏమీ అనలేదు.
మొండెం మీద నట్టు నిలబెట్టి వెల్డింగు వేశాడు.
ఎర్రటి నట్టుకి కొవ్వొత్తి ముక్క ఆనించాడు.
మైనం కరిగి, మరలోకి దారి వెతుక్కుంటూ జారింది.
"ఇప్పుడు అడుగు. మెల్లగా."
పానాతో అడిగాను.
కీచుమంది.
పావు చుట్టు. అర చుట్టు.
అరచేతిలో పడ్డ ముక్క
రాలిన పాలపన్నంత ఉంది,
ఇంకా వెచ్చగా.

తర్వాతంతా మామూలు పనే.
కొత్త గాస్కెట్ నాలుకలు,
నాలుగేసి గొట్టాలు ఒంపులు తిరిగి వచ్చి
ఒక్క మూతిలో కలవడం,
మధ్యనుంచి చివరలకి కొంచెం కొంచెంగా బిగింపు,
ప్లగ్గు తీగ కాలకుండా పక్కకి కట్టడం,
మూడుసార్లు వేళ్ళు చీరుకోవడం.

స్టార్ట్ చేశాను.
ముందు పొగ, మా చేతి జిడ్డు కాలిన వాసన.
తర్వాత గొంతు.
టిక్ లేదు.
అడుగునుంచి వచ్చే నిండు గొంతు,
గాదె కడుపులో గోధుమలు దొర్లినట్టు.
రైళ్ళకి చెవులిచ్చేసిన ఆర్విడ్
ఫెండరు మీద అరచెయ్యి పరిచి
కళ్ళు మూసుకుని
చేత్తో విన్నాడు.
"ఊఁ" అన్నాడు. అదే సర్టిఫికెట్.

ఊరెగుతున్నట్టు ఇంటికొచ్చాను.
గేటు దగ్గర లెఫ్సా.
పద్నాలుగేళ్ళ కుక్క, రెండు కళ్ళలోనూ పాలపొర.
రోజూ మలుపు దగ్గరే నన్ను పసిగట్టేది.
ఇవాళ మంచులో కాళ్ళు తన్నిపెట్టి
బండి మీద మొరిగింది,
దొంగ మీద మొరిగినట్టు.

ఇంజన్ ఆపాను. పేరు పెట్టి పిలిచాను.
టైరు వాసన చూసింది, నమ్మలేదు.
చెయ్యి వాసన చూసింది:
మైనం, కాలిన నూనె, కొత్త ఉక్కు.
వెనక్కి తగ్గింది.

ఏం తోచిందో,
నాలుక అంగిటికి కొట్టి
టిక్ టిక్ టిక్ టిక్
అన్నాను.

ఒక చెవి లేచింది.
ఒకటే.

వేడికి వదులైన బోల్టుల్ని
శనివారం మళ్ళీ బిగించాలి.